చదువులో వెనకబడుతున్న బాబుకు అధికారికంగా పరీక్ష చేయించాలి, ఎక్కడ మొదలు పెట్టాలి?

ప్రశ్న: ఖమ్మం అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబు ఖమ్మంలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం పాఠశాలలో మూడో తరగతి చదువుతున్నాడు. ఎనిమిదేళ్లు నిండాయి.

నోటితో అడిగితే ఏదైనా చెబుతాడు. వంద రూపాయలిచ్చి కిరాణా కొట్టుకు పంపితే పాలప్యాకెట్టు, పెరుగు, కొత్తిమీర తీసుకుని, చిల్లర ఎంత రావాలో కొట్టతనికే చెబుతాడు. మా అత్తగారు ఒకసారి చెప్పిన కథను వారం తర్వాత పాత్రల గొంతులు మార్చి మరీ వినిపిస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం ఆ పిల్లవాడు వేరు. 'కుక్క' రాయమంటే 'కుక' అని రాస్తాడు. 'అమ్మమ్మ' కాస్తా 'అమమ' అవుతుంది. వత్తు ఏదిరా అంటే గుర్తొచ్చి పెడతాడు, కింది వరుసలో మళ్లీ వదిలేస్తాడు. మ, య ఒకదానికొకటి మారిపోతాయి. ఇంగ్లీషులో బి, డి కూడా అంతే. చదవమంటే మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించి చెప్పేస్తాడు. పేజీలో బొమ్మ ఉంటే ఆ బొమ్మను పట్టుకుని పాఠం తనే అల్లేస్తాడు. బోర్డు మీద ఉన్నది ఎక్కించుకునేలోపు టీచరు తుడిచేస్తారు, అందుకే నోటు పుస్తకాల్లో చాలా పేజీలు సగమే నిండి ఉంటాయి.

డైరీలో "శ్రద్ధ లేదు, ఇంట్లో చదివించండి" అని ఎర్ర సిరాతో రాసి పంపుతున్నారు. రోజూ సాయంత్రం నేను, ఆదివారం వాళ్ల నాన్న కూర్చోబెట్టి చదివిస్తూనే ఉన్నాం. మొన్న ప్రిన్సిపాల్ గారు పిలిచి, "ఇలాంటి పిల్లలకు మా దగ్గర ఏర్పాట్లు లేవు. డాక్టరు సర్టిఫికెట్ తీసుకురండి, లేకపోతే స్పెషల్ స్కూలు చూసుకోండి" అన్నారు. ఏ డాక్టరు, ఏ సర్టిఫికెట్ అని అడిగితే సమాధానం లేదు. తెలిసినవారు చెబితే ఒక థెరపీ కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడ కాసేపు బాబుతో మాట్లాడి, ఏ పరీక్షా చేయకుండానే ఆరు నెలల ప్యాకేజీకి డబ్బు కట్టమన్నారు. మా మామగారేమో "వాడి నాన్నా ఐదో తరగతి దాకా ఇంతే, పిల్లవాణ్ణి ఆసుపత్రుల చుట్టూ తిప్పకండి" అంటున్నారు.

సరైన పరీక్ష ఎవరు చేస్తారు? ఖమ్మంలోనే అవుతుందా, హైదరాబాదు వెళ్లాలా? ఇదంతా ఇంగ్లీషు మీడియం వల్లేనా అన్నది ఆ పరీక్షలో తేలుతుందా? కాగితం మీద వైకల్యం అని పడితే రేపు వాడికి అదే అడ్డం కాదు కదా? యూకేజీ చదివే చెల్లెలు గట్టిగా పాఠం చదువుతుంటే వీడు లేచి పక్క గదిలోకి వెళ్లిపోతున్నాడు. ఇక నేను ఆలస్యం చేయదలచుకోలేదు.

జవాబు: హనుమకొండ టీచరమ్మ

అమ్మా, నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయినిగా చాలా ఏళ్లు పనిచేశాను. మీరు రాసింది చదువుతుంటే మీ బాబు నోటు పుస్తకం నా చేతిలో ఉన్నట్టే ఉంది. వత్తులు జారిపోవడం, మొదటి అక్షరంతో మాట ఊహించడం, నోటిలెక్క గట్టిగా ఉండి రాత వెనకబడటం, తండ్రికీ చిన్నప్పుడు ఇలాగే ఉండటం... ఇవన్నీ కలిసి కనిపిస్తే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం దగ్గర వచ్చే ఇబ్బంది, ఉందేమో పరీక్షించాలని అంటాం. ఉందని మాత్రం నేను ఇక్కడి నుంచి చెప్పను, పరీక్ష చేయకుండా ఎవరు చెప్పినా మీరు నమ్మవద్దు. మీ మామగారి మాటను కూడా కొట్టిపారేయకండి. చదవడంలో ఈ ఇబ్బంది కుటుంబాల్లో నడుస్తుంది. ఆయన చెప్పింది పరీక్ష వద్దనడానికి కారణం కాదు, పరీక్ష చేసేవారికి తప్పక చెప్పవలసిన సమాచారం.

ముందుగా రెండు సంగతులు వేరు చేసి చూడండి. మీ బాబు ఎలా నేర్చుకుంటున్నాడు, ఎక్కడ ఆగిపోతున్నాడు అని తేల్చే పరీక్ష ఒకటి. దాని ఫలితం క్లినికల్ సైకాలజిస్టు రాసి ఇచ్చే నివేదిక. ప్రభుత్వ వైద్య మండలి ఇచ్చే వైకల్య ధ్రువపత్రం రెండోది. మొదటిది లేకుండా రెండోది రాదు. రెండోది లేకపోయినా మొదటిది బాబుకు రేపటి నుంచే ఉపయోగపడుతుంది. ప్రిన్సిపాల్ గారు ఈ రెండింటినీ కలిపేసి 'డాక్టరు సర్టిఫికెట్' అన్నారు. మీరు నివేదిక కోసం బయలుదేరండి, ధ్రువపత్రం సంగతి అది చేతికొచ్చాక ఆలోచించవచ్చు.

వరుస ఇలా ఉంటుంది. మొదట కంటి పరీక్ష, చెవి పరీక్ష. ఇవి దాటేసి నేరుగా సైకాలజిస్టు దగ్గరికి వెళ్లినా ఆయన తిరిగి ఇక్కడికే పంపుతారు. పిలిస్తే పలుకుతున్నాడు కదా, వినికిడి బాగానే ఉంది అనుకోవద్దు. చెవిలో చీము పట్టి తగ్గుతూ వచ్చే పిల్లలకు కొన్ని ధ్వనులే సరిగ్గా అందవు. ఆడియాలజిస్టు చేసే పరీక్ష కాగితం కావాలి. తర్వాత పిల్లల వైద్యులు. పుట్టినప్పటి సంగతులు, మూర్ఛలు, మాటలు ఎప్పుడు వచ్చాయి, నిద్ర ఎలా ఉంది, ఇవన్నీ అడుగుతారు. ఆ తర్వాతే క్లినికల్ సైకాలజిస్టు.

ఆ పరీక్షలో మొదట తెలివితేటలు చూస్తారు. మన దగ్గర ఎక్కువగా మాలిన్స్ పరీక్ష గాని, బినే-కామత్ పరీక్ష గాని వాడతారు. దాని తర్వాత చదవడం, రాయడం, వర్ణక్రమం, లెక్కలు, జ్ఞాపకం, ఏకాగ్రత విడివిడిగా చూస్తారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారు తయారు చేసిన పరీక్షల్లో 5 నుంచి 7 ఏళ్ల వారికి ఒక స్థాయి, 8 నుంచి 12 ఏళ్ల వారికి మరో స్థాయి ఉన్నాయి. మీ బాబు రెండో స్థాయిలోకి వస్తాడు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారు చేసిన 'గ్లాడ్' అనే పరీక్ష కూడా ఉంది, అది మొదటి తరగతి నుంచి నాలుగో తరగతి పాఠాల స్థాయిలో పిల్లవాడు ఎక్కడున్నాడో చూపిస్తుంది. తెలివితేటల అంకె ఒక్కటి రాసి పంపేస్తే దాన్ని పూర్తి పరీక్ష అనరు.

ఇంగ్లీషు మీడియం ప్రశ్న చాలా ముఖ్యమైనది. చాలామంది తల్లిదండ్రులు అడగరు, మీరు అడిగారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు ఉన్న పిల్లవాడిని ఇంగ్లీషులోనే పరీక్షిస్తే భాష రాకపోవడం ఏదో, చదవలేకపోవడం ఏదో తేలదు. రెండు భాషల్లోనూ చదివించి, రాయించి చూడమని ముందే అడగండి. మన లిపిలో ఒక అక్షరం దగ్గరే ఎంత పని ఉందో చూడండి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నాయి. పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, పక్కన ర వత్తు. పిల్లవాడి కన్ను వీటన్నిటినీ ఒకేసారి పట్టుకుని, నోరు వాటిని సరైన వరుసలో పలకాలి. ఇంగ్లీషులోనే తడబడి, తెలుగును వయసుకు తగ్గట్టు చదివితే మాధ్యమం వైపు చూడాలి. రెండింటిలోనూ ఒకే రకం ఇబ్బంది ఉంటే అది వేరే దారి. తెలుగు బడిలో వారానికి ఎన్ని పీరియడ్లు చెబుతున్నారో కూడా రాసి తీసుకెళ్లండి. నేర్పనిది రాలేదని పిల్లవాడి మీద వేయకూడదు.

ఖమ్మంలో మొదట జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల ఇబ్బందులను తొందరగా గుర్తించే కేంద్రం, గురించి అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ కేంద్రాలు పెట్టారు, పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకు చూస్తారు. కన్ను, చెవి, పిల్లల వైద్యుల పరిశీలన అక్కడ అయితే సగం పని మీ ఊళ్లోనే పూర్తయినట్టు. క్లినికల్ సైకాలజిస్టు దొరకకపోతే మనోవికాస్ నగర్ సంస్థకు గాని, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు గాని వెళ్లవచ్చు. బయటి కేంద్రాలతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. పొద్దున్నే చేరుకునేలా ముందు రోజే వెళ్లడం మేలు, ప్రయాణంలో అలిసిపోయిన పిల్లవాడు పరీక్షలో తన సత్తా చూపలేడు. మండలంలోని భవిత కేంద్రానికి కూడా ఒకసారి వెళ్లి అక్కడ ఈ పిల్లల చదువు చూసే ఐఈఆర్‌పీ అనే ఉపాధ్యాయులను కలవండి. ధ్రువపత్రం వారు ఇవ్వలేరు గాని, చదువు చెప్పే పద్ధతి చూపిస్తారు.

ప్యాకేజీ మాత్రం కట్టకండి. ఏ ఇబ్బందో తేల్చకముందే వైద్యం అమ్మేవారి దగ్గర మీ డబ్బుతో పాటు బాబు చేతిలో ఉన్న విలువైన నెలలూ పోతాయి.

జవాబు: గుంటూరు నాన్న

టీచర్ గారు చెప్పిన వరుసలోనే మా అమ్మాయికి చేయించాం. ఇప్పుడు తొమ్మిదో తరగతి, సీబీఎస్ఈ. నేను చూసింది చెబుతాను, మీకు అక్కడ కూర్చున్నప్పుడు ధైర్యంగా ఉంటుంది.

పరీక్ష అనగానే సూదులు, యంత్రాలు అనుకుని మా అమ్మాయి భయపడింది. అలాంటిదేమీ లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు. రంగు దిమ్మెలు ఇచ్చి కార్డు మీద ఉన్న నమూనాలా పేర్చమన్నారు. అది క్షణాల్లో పేర్చింది. అంకెలు చెప్పి వెనక నుంచి ముందుకు చెప్పమన్నారు, అక్కడ ఇబ్బంది పడింది. తర్వాత ఒక పేరా గట్టిగా చదవమన్నారు. ఆమె చదువుతుంటే సైకాలజిస్టు తన దగ్గరున్న కాగితం మీద ప్రతి తప్పును గుర్తు పెట్టుకుంటూ వెళ్లారు: ఎక్కడ ఆగింది, ఎక్కడ వరుస దాటింది, ఏ మాట బదులు ఏ మాట చదివింది. అదే పేరాను ఆయన చదివి వినిపించి ప్రశ్నలు వేస్తే అన్నిటికీ జవాబు చెప్పింది. చూసి చదివినప్పుడు అర్థం కానిది విన్నప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆ తేడా నా కళ్లతో చూశాక ఇంట్లో ఆమెను కేకలు వేయడం అన్న మాటే లేదు. ఒక్క పూటలో ముగించకుండా మరోసారి రమ్మన్నారు. తొందరపెట్టకండి, అలిసిపోయిన పిల్లల ఫలితం నిజం చెప్పదు.

నివేదిక విషయంలో గట్టిగా ఉండండి. మాకు మొదట ఒక కేంద్రం ఇచ్చిన కాగితంలో తెలివితేటల అంకె, కింద 'అభ్యసన లోపం, థెరపీ అవసరం' అన్న ముక్క తప్ప ఏమీ లేదు. అది బడికీ పనికి రాలేదు, వైద్య మండలికీ పనికి రాలేదు. రెండోచోట ఇచ్చిన నివేదికలో ఏ పరీక్షలు చేశారు, ఒక్కొక్క భాగంలో ఎలా చేసింది, చదవడంలో ఏ తరగతి స్థాయిలో ఉంది, బడిలో ఏమేం చేయాలి, అన్నీ ఉన్నాయి. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, నోట్సు ఫొటోకాపీ ఇవ్వడం, తరగతిలో అందరి ముందు గట్టిగా చదివించకపోవడం, నోటితో జవాబు చెప్పనివ్వడం. ఈ నాలుగూ బడికి చూపించిన రోజు నుంచే అమలయ్యాయి. అప్పటికి మా దగ్గర ధ్రువపత్రం లేదు.

ధ్రువపత్రం కోసం కేంద్ర ప్రభుత్వం దివ్యాంగులకు గుర్తింపు కార్డులిచ్చే యూడీఐడీ వెబ్‌సైటులో దరఖాస్తు చేసి, ప్రభుత్వ ఆసుపత్రి వైద్య మండలి ముందుకు వెళ్లాం. కార్డు మీద శాతాన్ని బట్టి చార రంగు ఉంటుంది: 40 శాతం లోపు తెలుపు, ఆపైన పసుపు, 80 దాటితే నీలం. ఆ కార్డు మన దగ్గరే ఉంటుంది. మనం చూపిస్తే తప్ప బడికి తెలిసే ఏర్పాటు లేదు. బోర్డు పరీక్షలకు మాత్రం అది నిజంగా ఆధారం. సీబీఎస్ఈలో మూడు గంటల పరీక్షకు అదనంగా గంట సమయం ఇస్తారు, అవసరమైతే రాయడానికి సహాయకుణ్ణి ఇస్తారు. ఈ వివరాలు పదో తరగతిలో కాదు, తొమ్మిదిలో పేరు నమోదు చేసేటప్పుడే బడి చేత బోర్డుకు పంపించాలని మేము ఇప్పటి నుంచే వెంటపడుతున్నాం.

జవాబు: విశాఖ నుంచి ఒక సైకాలజిస్టు

పై ఇద్దరూ చెప్పినవాటికి కొద్దిగా చేరుస్తాను.

పరీక్ష చేసేవారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నమోదు సంఖ్య ఉండాలి. అడగడానికి మొహమాటపడకండి. నివేదిక కింద సంతకంతో పాటు ఆ సంఖ్య లేకపోతే వైద్య మండలి దాన్ని పక్కన పెట్టవచ్చు. కౌన్సెలర్, స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ అందరూ అవసరమైనవారే, కానీ ఈ నివేదిక క్లినికల్ సైకాలజిస్టుదే అయి ఉండాలి.

ఏకాగ్రత లోపం కూడా ఉందేమో విడిగా చూడమని అడగండి. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో అది కలిసి కనిపించడం మామూలే, రెండింటికీ చేయవలసింది వేరు. బాబు కథను వారం తర్వాత చెబుతున్నాడన్నారు, చిల్లర లెక్క చెబుతున్నాడన్నారు. ఇవి ఫోన్లో వీడియో తీసి తెచ్చినా బాగుంటుంది. కొత్త గదిలో కొత్త మనిషి ముందు పిల్లలు నోరు విప్పని రోజులుంటాయి.

పాత నోటు పుస్తకాలు పడేయకండి. ఒకటో తరగతి నుంచి ఉన్నవి తీసుకురండి. తల్లిదండ్రులు దిద్దినవి, మళ్లీ రాయించిన శుభ్రమైన ప్రతులు మాకు అక్కరలేదు. పిల్లవాడు తనంతట తాను రాసిన పేజీ కావాలి. పరీక్షకు ముందు పాఠాలు బట్టీ పట్టించి కూడా తీసుకురాకండి. పిల్లవాడి ఇబ్బంది దాచిపెడితే సాయం కూడా అంతే తగ్గుతుంది.

ఖమ్మం అమ్మ

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వాళ్ల నాన్నకూ, మామగారికీ చదివి వినిపించాను. నోటు పుస్తకాలు అటక మీద నుంచి మామగారే దింపారు.

సోమవారం ఆసుపత్రికి వెళ్తున్నాం. బడి దగ్గరే ఇంకా చిక్కు. పరిశీలించి సిఫారసు లేఖ ఇవ్వమని క్లాస్ టీచరును అడిగితే "అలాంటివి మేం ఇవ్వం" అన్నారు. వచ్చే ఏడాది సీటు ఉండదన్న మాట కూడా నోటితోనే అన్నారు. వారు అలా తీసివేయవచ్చా?

జవాబు: హనుమకొండ టీచరమ్మ

తీసివేయకూడదమ్మా. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ బడీ పిల్లవాణ్ణి బయటికి పంపకూడదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. పిల్లల్లో ఈ ఇబ్బందిని తొందరగా గుర్తించి తగిన బోధన అందించాలని 16వ సెక్షన్ చెబుతుంది. పరీక్షల్లో అదనపు సమయం, రాసేందుకు సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు వంటి సవరణలు 17వ సెక్షన్‌లో ఉన్నాయి.

పరిశీలన బడి పని కాదంటే ఒప్పుకోకండి. 2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రతి బడిలో, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, ప్రిన్సిపాల్ ఆధ్వర్యంలో పరిశీలన కమిటీ ఉండాలని, మూడో తరగతిలో గాని ఎనిమిదేళ్లకు గాని ఏది ముందైతే అప్పుడు పిల్లలను పరిశీలించాలని, అనుమానం ఉంటే ప్రిన్సిపాల్ సంతకంతో పిల్లల వైద్యుల దగ్గరికి పంపాలని ఉంది. ఆ మార్గదర్శకాలను 2024లో సవరించారు, తాజా ప్రతి కూడా చూసుకోండి. మీ బాబు సరిగ్గా ఆ తరగతిలో, ఆ వయసులో ఉన్నాడు. పరిశీలనకు పట్టిక లేదంటే, ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన 'ప్రశస్త్' ఉంది. మొదటి భాగం క్లాస్ టీచరే నింపవచ్చు, ప్రత్యేక ఉపాధ్యాయులు రెండో భాగం నింపుతారు.

నోటిమాట మానేసి కాగితం మీదికి రండి. కోపం చూపకుండా ఇంత రాస్తే చాలు:

"మా కుమారుడు మీ పాఠశాలలో మూడో తరగతి చదువుతున్నాడు. చదవడంలో, రాయడంలో చాలాకాలంగా ఇబ్బంది పడుతున్నాడు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం పాఠశాల కమిటీ ద్వారా ప్రాథమిక పరిశీలన జరిపించి, పిల్లల వైద్యులకు సిఫారసు లేఖ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. పరీక్ష నివేదిక అందగానే ఒక ప్రతి మీకు ఇచ్చి, తరగతిలో చేయవలసిన మార్పుల గురించి మీతో కూర్చుని మాట్లాడతాను."

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకోండి. తీసుకోబోమని అంటే స్పీడ్ పోస్టులో పంపి, ఒక ప్రతి మండల విద్యాధికారికి, మరొకటి జిల్లా విద్యాధికారి కార్యాలయంలో సహిత విద్య చూసే సమన్వయకర్తకు పంపండి. సిఫారసు లేఖ రాలేదని సోమవారం ప్రయాణం మాత్రం ఆపకండి. కంటి పరీక్ష, చెవి పరీక్ష ఎవరి లేఖా లేకుండానే చేస్తారు.